గుంజాటన చేతకానితనం కాదు

ఏదో ఒకటి తేల్చుకోలేకపోతున్న మనిషిని చూస్తే మన నోటికి వచ్చేవి చాలావరకు తిట్లే. నాన్చుడు మనిషి, పిరికివాడు, గోడ మీద పిల్లి, ఎటూ కానివాడు. కాస్త చదువుకున్నవాళ్లమైతే 'సంశయాత్మా వినశ్యతి', అంటే సంశయించేవాడు నశిస్తాడు, అని గీతలోంచి ఒక ముక్క తెచ్చి మీద పడేస్తాం. ఆఫీసులో అయితే డెసిషన్ తీసుకునే కెపాసిటీ లేదంటాం. వీటన్నిటి పక్కనే తెలుగులో పాత మాట ఒకటి ఉంది, అది తిట్టు కాదు. అది మనిషికి మార్కులు వేయదు, లోపల ఏం జరుగుతోందో మాత్రం చెబుతుంది. ఆ మాట గుంజాటన.

ఈ మాట ఇప్పుడు ఎక్కువగా రాజకీయ వార్తల్లో కనిపిస్తోంది. టికెట్ల కోసం పార్టీలో గుంజాటన, పదవుల కోసం వర్గాల మధ్య గుంజాటన. అక్కడ దాని అర్థం పంపకాల తగాదా. ఆ వాడకం తప్పని అనను. కానీ ఊళ్లల్లో పెద్దవాళ్ల నోట, ముఖ్యంగా తెలంగాణ పల్లెల్లో ఆడవాళ్ల నోట, ఈ మాట చేసే పని వేరు. అది మనసు లోపలి సంగతి చెప్పే మాట. ఆ పని చేయడానికి మనకు ఇంకో మాట లేదని, అది పోతే మనుషులను అర్థం చేసుకునే ఒక దారి మూసుకుపోతుందని నా నమ్మకం. ఎందుకో కొంచెం వివరంగా చెప్పాలి.

ముందు క్రియ సంగతి. గుంజు అంటే లాగు. తెలంగాణలో తాడు గుంజుతారు, తలుపు గుంజుతారు, చెయ్యి పట్టి గుంజుతారు. కోస్తాలో వీటన్నిటికీ 'లాగు' సరిపోతుంది. అక్కడ గుంజు వినిపించేది ఎక్కువగా బలవంతం ఉన్నచోట: డబ్బులు గుంజారు, పొలం గుంజుకున్నారు. రెండు చోట్లా ఉన్న సంగతి ఒకటే, గుంజడంలో అవతలివైపు నుంచి ఒక పట్టు ఉంటుంది. మూటను నేల మీద ఈడుస్తాం, ముల్లును పీకుతాం, కుర్చీని దగ్గరికి లాగుతాం. అవతల ఏదో పట్టుకుని ఉన్నప్పుడు, రానంటున్నప్పుడు, అప్పుడు గుంజుతాం.

ఆవు దగ్గర పాలు పితికే వేళ నిలబడితే ఈ క్రియ కళ్లకు కనిపిస్తుంది. ముందు దూడను వదులుతారు. అది నాలుగు గుక్కలు తాగి పొదుగును మూతితో కుమ్మితే ఆవు చేపుతుంది, అంటే పొదుగులోకి పాలు దిగుతాయి. చేపగానే దూడ మెడతాడు పట్టి ఇవతలికి గుంజి రాటకు కట్టేస్తారు. దూడ ఊరుకోదు. ముందుకాళ్లు నేలకు తన్నిపెట్టి పొదుగు వైపే మెడ చాపుతుంది. తాడు బిగుస్తుంది, మెడ మీద చర్మం ముడతలు పడుతుంది, మూతి చుట్టూ పాలనురుగు ఇంకా ఆరలేదు. మనిషీ గుంజుతున్నాడు, దూడా గుంజుతోంది. ఆ తాడు ఉన్న స్థితే గుంజాటన.

తర్వాత ఈ క్రియ ఒంట్లోకి వచ్చింది. రోజంతా నాటు వేసి వచ్చినవాళ్లు 'కాళ్లు గుంజుతున్నయి' అంటారు. నరాలు గుంజుతున్నాయంటే తెలుగువాళ్లెవరికైనా అర్థమవుతుంది. అక్కడ గుంజే చెయ్యి లేదు, తాడు లేదు, నొప్పి మాత్రం ఉంది. అక్కడినుంచి ఇంకొంచెం లోపలికి వెళ్తే 'పానం గుంజుతాంది', 'పేగు గుంజుతాంది'. దూరాన ఉన్న బిడ్డ మీద బెంగ పెట్టుకున్న తల్లి అనే మాట ఇది. తాడు నుంచి కాలికి, కాలి నుంచి ప్రాణానికి. ఒక్కో మెట్టులో బయటి బలం తగ్గింది, నొప్పి మాత్రం మిగిలింది. అందుకే గుంజాటన అన్నప్పుడు ఆలోచనతో పాటు ఒంటి నొప్పి కూడా వినిపిస్తుంది. సందిగ్ధం అనే మాటలో ఆ నొప్పి ఎంత వెతికినా దొరకదు.

దీని పుట్టుక కోసం సంస్కృతం వైపు చూడనక్కర్లేదు. అక్కడ గుంజ అంటే గురివింద గింజ. గుంజనం, గుంజారవం అంటే తుమ్మెద చేసే ఝంకారం. వాటితో దీనికి చుట్టరికం లేదు. పలికి చూస్తే చాలు, నాలుకే చెబుతుంది. చలి అనేటప్పుడు వచ్చే చకారం వేరు, చంద్రుడు అనేటప్పుడు వచ్చే చకారం వేరు. జున్నులో జకారం వేరు, జలంలో జకారం వేరు. అ, ఉ, ఒ లాంటి అచ్చుల ముందు మన సొంత మాటల్లో నాలుక పళ్లకు తగిలి ౘ, ౙ పలుకుతాయి. సంస్కృతం నుంచి తెచ్చుకున్న మాటల్లో అంగిలికి తగిలి చ, జ పలుకుతాయి. గుంజు అన్నప్పుడు పలికేది జున్నులోని ౙ. గుంజారవం అన్నప్పుడు పలికేది జలంలోని జ. రాతలో ఈ తేడాను మనం ఎప్పుడో వదిలేశాం. కొత్త తరం పలుకుబడిలో కూడా అది చెరిగిపోతుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది, ఎందుకంటే మాట ఏ ఇంటిదో చెప్పే గుర్తు అది.

ఇక రెండో సగం, ఆట. ఈ మాటలోని అసలు తెలివి ఇక్కడే ఉంది.

ఆడు అనేది ద్రావిడ భాషల్లో చాలా పాత ధాతువు. తమిళంలో అది ఊగడం, కదలడం, నాట్యం చేయడం. కన్నడంలో ఆడుకోవడం, పలకడం కూడా. మనకు అన్నీ కావాలి: ఆకు ఆడుతుంది, పిల్లలు ఆడుకుంటారు, మాట ఆడతాం, అబద్ధం ఆడతాం, ఊపిరి ఆడుతుంది. ఈ ఆడు ఇంకో క్రియకు తోక అయినప్పుడు రెండు రకాల పనులు చేస్తుంది. ఒకటి, ఇద్దరి మధ్య పనిని చెప్పడం. కొట్టడానికి ఒకడు చాలు, కొట్లాటకు ఇద్దరు కావాలి. గుద్దడానికి ఒకడు చాలు, గుద్దులాటకు ఇద్దరు. తన్నులాట, కుమ్ములాట, పోట్లాట, దెబ్బలాట అన్నీ ఇదే తీరు. రెండోది, ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం. వెతుకులాట, తెలంగాణలో దేవులాట, ఇంకా తచ్చాడడం, అల్లాడడం. వీటికి ఒక్క మనిషి చాలు, కానీ ఒక్కసారి చేస్తే చాలదు.

గుంజాటనలో ఈ రెండూ కలిశాయి. గుంజడానికి ఒకరు చాలు, గుంజాటనకు రెండు వైపులు కావాలి. ఆ రెండు వైపులూ ఒక్క మనిషి లోపలే ఉన్నాయి. పైగా అది ఒక్కసారి జరిగి ఆగేది కాదు, అటూ ఇటూ సాగుతూనే ఉంటుంది. చివరనున్న నకారం నా చెవికి మన్నన, దీవెనలను గుర్తుచేస్తుంది, పనిని పనిగా వదలకుండా ఒక స్థితిగా నిలబెడుతుంది. ఎవరూ కూర్చుని తయారు చేయకుండానే భాష ఇంత సూక్ష్మమైన పనిముట్టును తయారు చేసుకుంది. పారిభాషిక పదాలు పుట్టించే కమిటీలకు ఇది సాధ్యమయ్యేది కాదని నా అభిప్రాయం.

పక్క భాషల్లోనూ ఇలాంటి ఊహే ఉంది. తేల్చుకోలేనితనాన్ని తమిళులు ఊసలాట్టం అంటారు, ఊయల ఆట. కన్నడిగులు తొళలాట అంటారు, హొయ్దాట అంటారు. మనకు ఊగిసలాట ఉండనే ఉంది. వెనుకాడడం ఉంది. తెలంగాణలో 'ఎనకముందాడుతున్నడు' అంటారు, అడుగు ముందుకు వేసి వెనక్కి తీసేవాణ్ని కళ్లముందు పెట్టే మాట. దక్షిణాదిన తేల్చుకోలేకపోవడం అంటే ఒక కదలిక. మనిషి రాయిలా కూర్చోలేదు, లోపల తెగ కదులుతున్నాడు, కానీ చోటు మారడం లేదు.

సంస్కృతపు మాటల ఊహ వేరు. సందేహం, సందిగ్ధం రెండూ 'దిహ్' ధాతువు నుంచి వచ్చాయి, అర్థం పూయడం, పులమడం. ఏదో పులిమేసి ఉంది, రూపు స్పష్టంగా కనిపించడం లేదు అని. సంశయం 'శీ' ధాతువు నుంచి వచ్చింది, పడుకోవడం. పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చెప్పిన పదహారు పదార్థాల్లో, అంటే తెలుసుకోవలసిన విషయాల్లో, సంశయం మూడోది. దానికి తరతరాలుగా చెప్పే ఉదాహరణ 'స్థాణుర్వా పురుషో వా'. మసక వెలుతురులో దూరంగా ఏదో నిలబడి ఉంది, అది మోడా, మనిషా? దగ్గరికి వెళ్లి చూస్తే తేలిపోతుంది. అంటే సంశయం తెలియకపోవడం వల్ల పుట్టింది, తెలిస్తే పోతుంది. తర్కానికి అది చాలా అవసరమైన మాట, దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ దాన్ని తెచ్చి గుంజాటన ఉన్నచోట పెడితే మనిషి బాధ మారిపోతుంది.

ఎందుకంటే గుంజాటనలో ఉన్నవాడికి తెలియనిది ఏమీ లేదు. అది మోడు కాదు మనిషేనని తెలుసు. ఈ పక్కనున్నదీ మనిషేనని తెలుసు. ఇద్దరూ తనవాళ్లేనని కూడా తెలుసు.

మా పెద్దమ్మ విషయంలో ఇది నేను దగ్గరగా చూశాను. పెద్దనాన్న పోయాక కొడుకు ఆమెను పట్నం రమ్మన్నాడు. మంచి కొడుకు, మంచి కోడలు, ప్రాణమంతా నానమ్మ మీదే ఉన్న మనుమలు. అయినా ఆమె సంచి సర్దేది, పొద్దున్నే మళ్లీ చీరలు తీసి దండెం మీద వేసేది. కొడుకు వచ్చినప్పుడల్లా విడమరిచి చెప్పేవాడు: ఆస్పత్రి దగ్గర, లిఫ్టు ఉన్నది, కింద గుడి ఉన్నది, నీ అర్ర నీకుంటది. ఫోనులో ఫొటోలు చూపించేవాడు. ఆమె అన్నీ శ్రద్ధగా చూసేది. ఒకరోజు విసుగొచ్చి, "అమ్మా, నీకు అసలు ఏం కావాల్నో నీకన్న తెలుసా?" అన్నాడు.

"నాకు తెల్వకనా బిడ్డా? నీ దగ్గరికొస్తే ఇల్లు గుంజుతది. ఇంటికాడుంటే నువ్వు గుంజుతవ్. ఏ దిక్కు చూసినా గుంజాటననే."

అతను అప్పటిదాకా ఆమెకు సమాచారం ఇస్తున్నాడు. ఆమెకు కావలసింది సమాచారం కాదు. లిఫ్టు ఉందని తెలిస్తే వాకిలి మీద పట్టు సడలదు. అతను కూడా ఆ మాటతో అర్థం చేసుకున్నాడనుకుంటాను, ఎందుకంటే తర్వాత అడిగిన ప్రశ్న మారింది. అక్కడ ఏముందో చెప్పడం మానేసి, ఇక్కడ ఏది వదిలితే ఎక్కువ బాధ అని అడిగాడు. ఆమె చాలాసేపు ఆలోచించి, "పొద్దుగాల లేవంగనే వాకిలి ఊడ్వకపోతే నాకు తెల్లారదు" అంది. పొలం గురించి కాదు, ఇంటి గురించీ కాదు, వాకిలి గురించి. చివరికి పండుగలకు, నాట్లప్పుడు, కోతలప్పుడు ఊళ్లో, మిగతా రోజులు పట్నంలో అని ఒక ఏర్పాటు చేసుకున్నారు. గుంజాటన పోయిందా అంటే పోలేదు. ఉన్నచోట ఉండగానే రెండోది గుర్తొస్తుంది. కాకపోతే ఆమెను ఎవరూ మొండిదని, మనసు నిలకడ లేనిదని అనడం మానేశారు.

మన సామెతలన్నీ ముందేసుకుని చూస్తే ఈ మాట ఎక్కడ నిలబడుతుందో ఇంకా స్పష్టమవుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే రెండువైపులా చేటే. అడకత్తెరలో పోకచెక్క అంటే రెండువైపుల నుంచీ ఒత్తిడి, పోకకు సొంత ఇష్టమంటూ లేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అంటే ఇద్దరు బయటివాళ్ల మధ్య ఇరుక్కోవడం. గోడ మీద పిల్లి అంటే రెండువైపులా లాభం చూసుకోవడం. వీటిలో ఎక్కడా ప్రేమ లేదు. చేటు, ఒత్తిడి, భయం, లాభం, ఇవే ఉన్నాయి. గుంజాటనలో మాత్రం రెండువైపులా ఉన్నవి బంధాలు. ఒకదాన్ని పట్టుకోవడమంటే రెండోదాన్ని విడవడం, ఆ విడవడం తన చేతులతోనే చేయాలి. నుయ్యి గొయ్యి మధ్య ఉన్నవాడు తప్పించుకునే దారి వెతుకుతాడు. గుంజాటనలో ఉన్నవాడికి తప్పించుకోవాలనే లేదు.

కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలో ఇలాంటి సంఘర్షణలను మూడుగా విడదీశాడు. రెండు ఇష్టాల మధ్య, రెండు అయిష్టాల మధ్య, ఒకే వస్తువు మీద ఇష్టం అయిష్టం రెండూ ఉన్నప్పుడు. రెండు ఇష్టాల మధ్య సంఘర్షణ తేలిగ్గా తేలిపోతుందని ఆయన లెక్క, ఎందుకంటే ఒకవైపు అడుగు పడగానే ఆ వైపు ఆకర్షణ పెరుగుతుంది. మిఠాయిల మధ్య ఎంపికకు ఆ లెక్క సరిపోతుంది. మనుషుల మధ్య సరిపోదు. ఒకరి వైపు అడుగు వేసిన క్షణంలోనే రెండోవారు ఎక్కువగా గుంజుతారు. బస్సు ఎక్కాకే ఇల్లు బాగా గుర్తొస్తుంది. ఆ తర్వాత మనస్తత్వ శాస్త్రం ఈ చిక్కును చాలానే పట్టించుకుంది, కానీ పేరు పెట్టడంలో మా పెద్దమ్మ వాళ్ల మాటే ముందుందని నాకనిపిస్తుంది.

ఇక గీత సంగతి. 'సంశయాత్మా వినశ్యతి' అనేది నాలుగో అధ్యాయంలోని మాట. 'అజ్ఞశ్చాశ్రద్దధానశ్చ' అని దానికి ముందు ఉంది. తెలియనివాడు, శ్రద్ధ లేనివాడు, అన్నిటినీ శంకించేవాడు నశిస్తాడని ఆ శ్లోకం అర్థం. తేల్చుకోలేని ప్రతి మనిషి మీదికీ దాన్ని విసరడం అన్యాయం. తేల్చుకోలేకపోవడం గురించి గీత ఏమంటుందో కావాలంటే మొదటి అధ్యాయానికి వెళ్లాలి. అక్కడ అర్జునుడు రథాన్ని రెండు సేనల మధ్య నిలపమంటాడు, తనతో యుద్ధానికి వచ్చిందెవరో చూడాలని. చూశాడు. తాతలు, గురువులు, మేనమామలు, అన్నదమ్ములు, కొడుకులు, మనుమలు, స్నేహితులు. చూడకముందు అతనికి ఏ ఇబ్బందీ లేదు. అందరినీ గుర్తుపట్టాక అవయవాలు సడలాయి, నోరు ఎండింది, గాండీవం చేతిలోంచి జారింది. సమాచారం పెరిగినకొద్దీ తేల్చుకోవడం సులువవుతుందని నమ్మేవాళ్లు ఈ సన్నివేశాన్ని ఒక్కసారి మళ్లీ చదవాలి. కృష్ణుడు మొదట కసిరాడు, నిజమే. పిరికితనం నీకు తగదన్నాడు. ఆ కసురు పనిచేయలేదు కాబట్టే ఆ తర్వాత అంతసేపు మాట్లాడాల్సి వచ్చింది. మనం మాత్రం ఆ మొదటి కసురు దగ్గరే ఆగిపోతాం.

మనుషులకే కాదు, రాష్ట్రాలకూ గుంజాటన ఉంటుంది. 1953 డిసెంబరులో ఫజల్ అలీ అధ్యక్షుడిగా, హెచ్.ఎన్. కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్ సభ్యులుగా రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం ఏర్పడింది. 1955 సెప్టెంబరు 30న నివేదిక ఇచ్చింది. తెలుగు ప్రాంతాల గురించి ఆ నివేదిక రాసిన పేరాలు చదివితే ఈ మాటే గుర్తొస్తుంది. తెలుగు ప్రాంతాలన్నీ కలిసిన విశాలాంధ్ర వస్తే కృష్ణా గోదావరులు ఒకే పాలన కిందికి వస్తాయి, ఆంధ్రకు రాజధాని చిక్కు తీరుతుంది, హైదరాబాదు లాంటి నగరం దొరుకుతుంది. అది ఒకవైపు. తెలంగాణ ఆదాయం నిలకడగా ఉంది, చదువుల్లో వెనకబడి ఉంది, ముందున్న కోస్తావాళ్లు తమను ముంచేస్తారన్న భయం ఉంది. ఇది రెండోవైపు. సంఘం ఏ వైపునూ కొట్టిపారేయలేదు. ప్రస్తుతానికి తెలంగాణను హైదరాబాదు రాష్ట్రంగా వేరే ఉంచి, 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండు వంతుల మెజారిటీతో ఒప్పుకుంటే కలపాలని చెప్పింది.

దీన్ని ఆనాడు చాలామంది తప్పించుకునే ధోరణి అనుకున్నారు. నాకు అలా అనిపించదు. రెండువైపులా గుంజుడు నిజమేనని కాగితం మీద ఒప్పుకుని, దానికి గడువు, పద్ధతి పెట్టడం అది. ఆ గడువు దాకా ఆగలేదు. 1956 ఫిబ్రవరి 20న రెండు ప్రాంతాల నాయకుల మధ్య పెద్దమనుషుల ఒప్పందం, అదే ఏడాది నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 1969లో తెలంగాణ రోడ్డెక్కింది, 2014 జూన్ 2న వేరు రాష్ట్రం వచ్చింది. ఆగి ఉంటే కథ ఎలా నడిచేదో ఎవరూ చెప్పలేరు, నేనూ చెప్పను. కానీ గుంజాటనను తొందరపెట్టి ముగిస్తే అది ముగిసినట్టు కాదని మాత్రం ఆ తర్వాతి దాదాపు ఆరు దశాబ్దాలు చూపించాయి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని దాటేయడం నాకిష్టం లేదు. తేల్చుకోలేనితనానికి ఇంత గౌరవం ఇస్తే, దాని వల్ల నష్టపోయేవాళ్ల మాటేమిటి? ఐసీయూ బయట అన్నదమ్ములు ఆపరేషనుకు సంతకం పెట్టాలా వద్దా అని కూర్చుంటే లోపలున్న మనిషికి కాలం ఆగదు. ఆస్తి పంచాలా వద్దా అని తండ్రి ఏళ్ల తరబడి గుంజాటనలో ఉంటే కొడుకుల వయసు ఆగదు. పెళ్లికి ఔననీ కాదనీ చెప్పకుండా ఉన్నవాడి కోసం ఇంకొకరి జీవితం ఎదురుచూస్తూ ఉంటుంది. నిజమే. గుంజాటనలో ఉన్నవాడికి బాధ ఉందన్నంత మాత్రాన ఎదుటివాళ్లను ఎంతకాలమైనా ఆపే హక్కు రాదు.

కానీ పేరు సరిగ్గా పెట్టడం ఆలస్యానికి దారి తీస్తుందని నేననుకోను. ఆస్పత్రి వరండాలోనే చూడండి. సంతకం పెట్టడానికి ఆగుతున్న కొడుక్కి డాక్టరు మళ్లీ మళ్లీ ప్రమాదం ఎంత శాతమో చెబుతాడు. అతనికి ఆ లెక్క మొదటిసారే అర్థమైంది. నాన్నను కోతకు అప్పగించడమా, నాన్నను ప్రయత్నించకుండా వదిలేయడమా అనే రెండు బాధల మధ్య, నిజానికి నాన్న మీది రెండు రకాల ప్రేమల మధ్య అతను ఉన్నాడు. పక్కన చిన్నాన్నో మేనత్తో వచ్చి, "ఏది చేసినా నువ్వు నాన్న కోసమే చేస్తున్నవ్ రా, రేపు నిన్ను ఎవరూ ఏమనరు" అంటే చేతికి పెన్ను వస్తుంది. ఆ మాటలో కొత్త సమాచారం ఒక్క ముక్క లేదు. విడిచిన వైపు తనను శిక్షించదన్న హామీ ఉంది. సంశయానికి మందు వివరం, గుంజాటనకు మందు హామీ. ఒకదాని మందు రెండోదానికి వేస్తే పని జరగదు, పైగా రోగి చేతకానివాడని పేరు పడుతుంది.

అలాగే, ఈ మాటను అర్హత లేనివాళ్లకు ఇవ్వకూడదన్నది కూడా నాకు అంతే ముఖ్యం. తేల్చకపోవడంలో చాలా రకాలున్నాయి. అడుగు వేసే ముందు, నోరు విప్పే ముందు క్షణంసేపు ఆగిపోవడం తటపటాయింపు. అడిగినదానికి జవాబు నోట్లోనే తిప్పుకోవడం నీళ్లు నమలడం. పదిమంది కూర్చుని వేళ్లు చూపించుకుంటూ వాదించుకోవడం తర్జనభర్జన, తర్జని అంటే బెదిరించే చూపుడు వేలే కదా. ముహూర్తం సాకుతో వాయిదా వేయడం మీనమేషాలు లెక్కించడం. తెలిసీ, తేల్చగలిగీ, తేల్చకపోతేనే తనకు లాభమని ఎదుటివాణ్ని నానబెట్టడం నాన్చుడు. నాన్చేవాడికి నొప్పి లేదు, నొప్పంతా అవతలివాడిదే. గుంజాటనకూ నాన్చుడుకూ తేడా పట్టాలంటే అదొక్కటి చూస్తే చాలు, నొప్పి ఎవరి దగ్గర ఉందో.

అందుకే వార్తలు రాసేవాళ్లను ఒకటి అడగాలనుంది. పింఛను ఫైలు మీద సంతకం పెట్టకుండా నెలల తరబడి కూర్చున్న అధికారి గురించి 'సందిగ్ధంలో అధికారులు' అని రాస్తున్నారు. ఆయనకు సందిగ్ధం లేదు, రూలు తెలుసు. గుంజాటన అంతకన్నా లేదు, ఆయన్ని రెండోవైపు గుంజే బంధమేదీ అక్కడ లేదు. సందిగ్ధం అని రాయగానే తప్పు ఆయన మీది నుంచి గాలిలోకి పోతుంది. ఇటు అదే పేజీలో, ప్రాజెక్టు కింద మునిగే ఊరివాళ్లు పరిహారం తీసుకుని కదలాలా, తాతల సమాధులున్న నేల మీదే ఉండాలా అని కొట్టుమిట్టాడుతుంటే 'అయోమయంలో నిర్వాసితులు' అని శీర్షిక పెడతారు. వాళ్లకు అయోమయం ఏమిటి? పరిహారం ఎంతో తెలుసు, నీళ్లు ఎంతవరకు వస్తాయో తెలుసు, పిల్లలకు కొత్త ఊళ్లో బడి ఉందో లేదో తెలుసు, కదిలితే ఏది పోతుందో అందరికన్నా వాళ్లకే బాగా తెలుసు. వాళ్లది గుంజాటన. అధికారిది నాన్చుడు. రెండు మాటలూ మన దగ్గర ఉన్నాయి, శీర్షికలో రెండూ పడతాయి.